వ్యాన్ టాపు మీద రెండు సోలార్ ప్యానెళ్లు: కంట్రోలర్‌కి ముందు ఫ్యూజు కావాలా, వద్దా?

చక్రాల_ఇల్లు:
పాత టెంపో ట్రావెలర్ కొని ఇల్లులా మార్చుకుంటున్నాం. టాపు మీద 200 వాట్ల ప్యానెళ్లు రెండు, లోపల ప్యానెల్ కరెంటుని బ్యాటరీకి తగ్గట్టు మార్చే 30 ఆంపియర్ల ఎంపీపీటీ కంట్రోలర్, 12 వోల్టుల 200 ఏహెచ్ లిథియం బ్యాటరీ. ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద ఓపెన్ సర్క్యూట్ 24.5 వోల్టులు, షార్ట్ సర్క్యూట్ 10.4 ఆంపియర్లు, మ్యాక్సిమమ్ సిరీస్ ఫ్యూజు 20 ఆంపియర్లు అని ఉంది. బ్యాటరీ, కంట్రోలర్ బిగించిన మెకానిక్ ఇప్పుడు ఒక్కో ప్యానెల్‌కి ఒక ఫ్యూజు, ఒక ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తనే ఆఫ్ అయ్యే స్విచ్), ఒక సర్జ్ డబ్బా (వోల్టేజీ ఉన్నట్టుండి ఎగిరితే ఆపేది) అంటూ లిస్టు రాసిచ్చాడు. ఇంత అవసరమా? జూన్‌లో హైదరాబాద్ నుంచి లేహ్ వెళ్లాలని ప్లాన్.

డీసీ_బాబాయ్:
అవసరమే. 22 ఏళ్లుగా బండ్ల వైరింగ్ చేస్తున్నా. ఫ్యూజు లేని ప్లస్ వైరు నా షెడ్డు దాటి బయటికి పోలేదు. పిల్లలు పడుకునే బండి. బేరాలొద్దు.

లెక్క_తప్పదు:
బాబాయ్ గారూ, భయపెట్టకండి, లెక్క చెప్పండి. ప్యానెల్ బ్యాటరీ లాంటిది కాదు. ప్లస్, మైనస్ కలిపి ముడేసినా ఆ 10.4కి కాస్త అటూ ఇటూ తప్ప ఇవ్వలేదు. 15 ఆంపియర్ల ఫ్యూజు పెడితే అది ఎప్పుడు కాలాలి? రెండూ ప్యారలల్‌లో (ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలిపి) ఉన్నాయి, ఒకటి షార్టయింది అనుకుందాం. రెండోది దానిలోకి తోసేది అదే 10.4. 20 వరకు పర్లేదని స్టిక్కరే చెబుతోంది. మూడు ప్యానెళ్లుంటే వేరే మాట. మంచిగా ఉన్న రెండూ కలిసి 20.8 తోస్తాయి, అప్పుడు ఒక్కోదానికీ ఫ్యూజు పెట్టాల్సిందే. ఈయనవి రెండే.

గోదారి_గట్టు:
మా టాపు మీద మామిడికాయ పడి ప్యానెల్ పగిలింది. దానికి ఎన్ని ఆంపియర్ల ఫ్యూజు పెట్టాలి?

డీసీ_బాబాయ్:
కాగితం మీద లెక్క బాగానే ఉంది. టెంపో టాపు కాగితం కాదు నాయనా. శ్రీశైలం ఘాట్ ఒక్కసారి ఎక్కి దిగితే తెలుస్తుంది. రెండేళ్ల కింద నా దగ్గరికో బండి వచ్చింది. టాపుకి రంధ్రం కొట్టి, కేబుల్‌ని బిగించి పట్టే గ్లాండ్ లేదు, అంచుకి రబ్బరు గ్రోమెట్ కూడా లేదు, కేబుల్ అలాగే లోపలికి దించేశారు. బండి ఊగి ఊగి రేకు అంచు తొడుగుని కోసేసింది. రాగి తీగలు బయటికి కనబడుతున్నాయి, చుట్టూ రేకు మీద రూపాయి బిళ్లంత నల్లటి మసి. ఫ్యూజు ఉంటే ఆ మసి వచ్చేదా?

లెక్క_తప్పదు:
వచ్చేది! నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది అదే. 10 ఆంపియర్లకి మీ ఫ్యూజు కదలదు. అక్కడ లేనిది గ్రోమెట్, ఫ్యూజు కాదు.

చలిదెబ్బ:
ముందు సిరీసా (ఒకదాని ప్లస్ ఇంకోదాని మైనస్‌కి, వోల్టులు కలుస్తాయి) ప్యారలలా తేల్చుకోండి. స్టిక్కర్ మీద వోల్టేజీ 25 డిగ్రీల దగ్గరిది. ప్యానెల్ చల్లబడే కొద్దీ డిగ్రీకి సుమారు 0.3 శాతం పెరుగుతుంది. సిరీస్‌లో 49 ఉన్నది మైనస్ 10లో 54 అవుతుంది. 100 వోల్టుల వరకు తట్టుకునే కంట్రోలర్ అయితే దిగుల్లేదు. నాది 50 వోల్టులది. లద్దాఖ్‌లో తెల్లవారి ఎండ పడగానే పోయింది, మిగతా ట్రిప్పంతా ఫోన్లు బండి సాకెట్లోనే.

చక్రాల_ఇల్లు:
నాది 100 వోల్టులదే. కానీ టాపు మీద ఏసీ డబ్బా ఉంది, సాయంత్రం దాని నీడ ఒక ప్యానెల్ మీద పడుతుంది. సిరీస్‌లో ఒకదాని నీడ రెండోదాన్నీ తగ్గిస్తుందని ప్యారలల్ అనుకున్నా.

వేపచెట్టు_నీడ:
ఫ్యూజు సంగతి ఎలా ఉన్నా డీసీ ఐసోలేటర్ స్విచ్ ఒకటి పెట్టించుకోండి. కంట్రోలర్ విప్పాలంటే మిట్టమధ్యాహ్నం టాపెక్కి ప్యానెల్ కేబుళ్ల ఎంసీ4 కనెక్టర్లు పీకుతారా? కరెంటు పారుతుండగా పీకితే పిన్నులు కాలతాయి.

డీసీ_బాబాయ్:
స్విచ్ కావాలట, ఫ్యూజు వద్దట. లెక్కల మాస్టారూ, మీలాంటివాడే నా కస్టమర్ ఒకాయన. ఏదో వీడియో చూసి, ఇన్వర్టర్‌కి నేను పెట్టిన ఫ్యూజు హోల్డర్ పీకేసి వైరు డైరెక్టుగా కలిపేసుకున్నాడు. పొగొచ్చింది. నలుగురి ముందు నన్ను నిలబెట్టి నీ పని ఇదీ అన్నాడు. కాలిన పరుపు డబ్బులు నా జేబులోంచి కట్టా. అప్పట్నుంచి కావాల్సినదానికంటే ఒకటి ఎక్కువే పెడతా. కాలితే అడిగేది నన్ను, నిన్ను కాదు.

లెక్క_తప్పదు:
ఇదన్నమాట సంగతి. ఆ ఫ్యూజులు ప్యానెల్ కోసం కాదు, మీకోసం. డబ్బు మాత్రం మేం కట్టాలి. నా బండికి ఒకాయన సేఫ్టీ బాక్స్ అని 9,000 తీసుకున్నాడు. నావి సిరీస్‌లో నాలుగు, 90 వోల్టుల పైమాటే. విప్పి చూస్తే లోపల ఇళ్ల కరెంటుకి పెట్టే ఏసీ ఎంసీబీ! ఏసీ కరెంటు సెకనుకి 100 సార్లు సున్నాకి వస్తుంది కాబట్టి స్విచ్ విడే చోట లేచే మెరుపు, అదే ఆర్క్, ఆరుతుంది. ప్యానెల్ ఇచ్చే డీసీ ఎక్కడ వస్తుంది? ఎండలో ఆఫ్ చేశా, లోపల చిటపట, ప్లాస్టిక్ కాలిన కంపు. సేఫ్టీ అని కొన్నదే కాలింది. అందుకే ఎవరేం పెట్టమన్నా ఎందుకు అని అడుగుతా.

డీసీ_బాబాయ్:
వాడెవడో దొంగ అయితే నన్నెందుకు నిలదీస్తావ్?

లెక్క_తప్పదు:
ఎందుకు అని అడిగితే మీరూ 22 ఏళ్లు అనే చెబుతున్నారు కాబట్టి.

గోదారి_గట్టు:
ఇద్దరూ షార్టయ్యారు. ఫ్యూజు తెండి.

వంటింటి_మల్టీమీటర్:
చక్రాల ఇల్లు గారూ, ఒక్క సందేహం. బ్యాటరీ ప్లస్ నుంచి కంట్రోలర్‌కి వెళ్లే వైరు ఎంత పొడుగు? దాని మీద ఫ్యూజు ఎక్కడుంది? టాపు మీద నుంచి వచ్చేది పదో ఇరవయ్యో ఆంపియర్లు. బ్యాటరీ షార్టయితే వందలు, వేలు. లిస్టులో ఆ ఫ్యూజు కనబడలేదు, అందుకే అడుగుతున్నా.

చక్రాల_ఇల్లు:
ఇప్పుడే వెనక సీటు ఎత్తి టార్చ్ వేసి చూశాను. రెండున్నర మీటర్లు. ఎర్ర వైరు సీటు ఇనుప కాలుకి ఆనుకుని పోతోంది, ఆనిన చోట తొడుగు కాస్త నలిగింది. ఫ్యూజు లేదు. అసలు ఎక్కడా లేదు. నిన్న రాత్రి దాని మీదే పడుకున్నాం.

డీసీ_బాబాయ్:
చీకటి పడింది కదా, మంచిదే. ముందు టాపు నుంచి వచ్చే వైర్లు కంట్రోలర్ దగ్గర విప్పి, కొసలకి విడివిడిగా టేపు చుట్టు. తర్వాత బ్యాటరీ ప్లస్ లగ్గు తీసి దానికీ చుట్టు. ఫ్యూజు వచ్చేదాకా పెట్టొద్దు.

లెక్క_తప్పదు:
బాబాయ్ చెప్పినట్టే చేయండి. ఆ నలిగిన వైరు మార్చేసి 10 స్క్వేర్ మిల్లీమీటర్లది వేయించండి. 40 ఆంపియర్ల డీసీ ఫ్యూజు, బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు లోపు.

డీసీ_బాబాయ్:
జానెడు కాదు. బెత్తెడు.