డీహ్యూమిడిఫయర్ తిరుగుతోంది కానీ చుక్క నీరు రావట్లేదు, కొత్తది కొనకుండా దారి ఉందా?

బేస్‌మెంట్_బాధలు:
మాది న్యూజెర్సీ, ఎడిసన్. బేస్‌మెంట్ గాలిలో తేమ లాగడానికి పెట్టిన డీహ్యూమిడిఫయర్‌కి (రోజుకి 70 పింట్ల నీరు లాగే రకం) రెండు వారాలుగా ఫ్యాన్ హోరుమని తిరుగుతోంది, బకెట్ మాత్రం ఎండిపోయి ఉంటోంది. తేమ 72 శాతం చూపిస్తోంది, పట్టుచీరల సూట్‌కేసు తెరిస్తే ముక్కిపోయిన వాసన. పాత ఓనర్లు వదిలేసి వెళ్లిన మెషీన్ కాబట్టి వారంటీ ఊసే లేదు. ఫిల్టర్ కడిగాను, ఏం మారలేదు. రిపేర్ అతను వచ్చి చూడ్డానికే 120 డాలర్లు అన్నాడు. మా నాన్నగారు కాకినాడ నుంచి వచ్చి ఉన్నారు, "గ్యాస్ అయిపోయుంటుంది, పట్టిస్తే సరి" అంటూ స్క్రూడ్రైవర్ పట్టుకుని దాని చుట్టూ తిరుగుతున్నారు. విప్పనివ్వనా?

పాత_స్క్రూడ్రైవర్:
ఆగండి, ముందు ప్లగ్ పీకి లేబుల్ మీద తయారీ తేదీ చూడండి. 2011 జనవరి నుంచి 2014 ఫిబ్రవరి దాకా తయారైన 15 లక్షలకు పైగా డీహ్యూమిడిఫయర్లు వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉందని 2023లో వెనక్కి పిలిచారు, తయారీదారు ఒకరే అయినా వేర్వేరు బ్రాండ్ల పేర్లతో అమ్మారు. అమెరికా ప్రభుత్వ వినియోగదారుల భద్రతా సంస్థ సీపీఎస్‌సీ సైట్‌లో మోడల్ నంబర్ కొట్టండి. జాబితాలో ఉంటే రిపేర్ మాట మర్చిపోయి రీఫండ్ అడగండి.

లేదంటే మెషీన్ ఎన్ని వాట్లు లాగుతోందో చూపించే ప్లగ్ మీటర్ ఒకటి కొనండి, పాతిక డాలర్లలో వస్తుంది. గాలి చల్లటి కాయిల్ మీదుగా వెళ్తేనే నీరు దిగేది, ఆ కాయిల్‌ని చల్లబరిచేది కంప్రెసర్, కాబట్టి ఉత్త ఫ్యాన్ ఎంత తిరిగినా లాభం లేదు. తేమ సెట్టింగ్ 35 శాతానికి దించి పది నిమిషాలు చూడండి. ఇంత పెద్ద మెషీన్‌కి కంప్రెసర్ నడిస్తే నాలుగైదు వందల వాట్లుంటుంది, ఫ్యాన్ ఒక్కటే అయితే వంద లోపు.

గోదారి_గట్టు:
బాబాయ్ గారికి చెప్పండి, దీనికి గ్యాస్ పట్టించడం మనూళ్లో ఫ్రిజ్‌కి పట్టించినంత తేలిక కాదు. పైపులు సీల్ చేసేసి ఉంటాయి, మామూలుగా వాల్వ్ కూడా ఉండదు, ఇక్కడ సర్టిఫికెట్ ఉన్నవాళ్లే ఆ పైపుల జోలికి వెళ్లాలి. కాయిల్‌లో ఓ మూల మాత్రమే మంచు పట్టి మిగతాది పొడిగా ఉంటే గ్యాస్ లీకు అనుకోవచ్చు, అప్పుడు దానికో దణ్ణం పెట్టేయడమే. కొనాల్సి వస్తే 70 పింట్లది వెతక్కండి. రోజుకి ఎంత నీరు లాగుతుందో 2019 నుంచి 80 డిగ్రీల ఫారెన్‌హీట్ బదులు 65 దగ్గర కొలుస్తున్నారు, అప్పటి 70 ఇప్పుడు 50 అని రాసి ఉంటుంది.

బేస్‌మెంట్_బాధలు:
లేబుల్ మీద 2017 అని ఉంది, జాబితాలో లేదు, హమ్మయ్య. మీటర్ 60 దగ్గరే ఉంటోంది. నాలుగైదు నిమిషాలకోసారి లోపల ఏదో మూలుగుతుంది, అంకె ఒక్కసారి పైకెగిరి, టక్కుమని మళ్లీ 60కి పడిపోతోంది.

పాత_స్క్రూడ్రైవర్:
అది కంప్రెసర్ లేవలేక మూలగడం. టక్కుమనేది ఓవర్‌లోడ్, అంటే కంప్రెసర్ వేడెక్కకుండా కరెంటు ఆపేసే స్విచ్. కంప్రెసర్ లేవడానికి ఊపునిచ్చే కెపాసిటర్ పోయి ఉండొచ్చు, కంప్రెసరే బిగుసుకుపోయి ఉండొచ్చు కూడా, కానీ చవకైనది ముందు మార్చి చూడండి. ప్లగ్ తీసినా కెపాసిటర్‌లో కరెంటు నిలవ ఉంటుంది, రెసిస్టర్ ఆనించి దించి, మల్టీమీటర్‌లో సున్నా చూశాకే వేలు పెట్టండి. కొత్త కెపాసిటర్‌ మీద మైక్రోఫారడ్ విలువ పాతదానిదే ఉండాలి, వోల్టులు అంతే ఉన్నా ఎక్కువున్నా ఫర్వాలేదు. వైర్లు పీకే ముందు ఫోటో తీసుకోండి.

బేస్‌మెంట్_బాధలు:
పనైంది! పాత కెపాసిటర్ పైమూత పూరీలా ఉబ్బింది. కొత్తది 14 డాలర్లు. ఫోటోలు నేను తీశాను, వైర్లు నాన్న మార్చారు. ఇప్పుడు మీటర్ 520 చూపిస్తోంది, తెల్లారేసరికి బకెట్ నిండిపోయింది. నాన్న ఇక పాత మైక్రోవేవ్ కూడా విప్పుతానంటున్నారు, దాని ప్లగ్ తీసి గరాజ్‌లో దాచేశాను.

పాత_స్క్రూడ్రైవర్:
మంచి పని చేశారు, మైక్రోవేవ్ కెపాసిటర్ వేల వోల్టుల మీద పనిచేసేది. పెద్దాయన చేతికి వేరే ఏదైనా ఇవ్వండి, మిక్సీ లాంటిది.