రీసెర్చ్‌కి పార్ట్‌నర్ సంస్థ: పేరు చూసి ఎంచుకోవాలా, పని చూసి ఎంచుకోవాలా?

సీరమ్_డెస్క్
మాది చిన్న బోధనాసుపత్రి. షుగర్ ఉన్నవాళ్ళలో కిడ్నీ దెబ్బతినబోతోందని ముందే పట్టించే ప్రోటీన్ల మీద పని చేస్తున్నాం. పేషెంట్లున్నారు, వాళ్ళ రక్తం నుంచి వేరుచేసిన సీరమ్ అనే ద్రవం ఉంది, అందులోని ప్రోటీన్లని కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్ లేదు. గ్రాంట్‌కి అప్లై చేయాలంటే ఆ మెషీన్, దాన్ని నడిపే మనుషులు ఉన్న సంస్థ తోడు కావాలి. రెండు చోట్ల నుంచి జవాబు వచ్చింది. ఒకటి చాలా పెద్ద పేరు. అక్కడి ప్రొఫెసర్ గారు "ఆసక్తిగా ఉంది, శాంపిల్స్ పంపండి, మిగతాది తర్వాత మాట్లాడదాం" అని రెండు ముక్కలు రాశారు. రెండోది ఎవరూ పెద్దగా వినని ల్యాబ్. వాళ్ళేమో రక్తం తీశాక ఎంతసేపటికి స్పిన్ చేస్తున్నారు (సీరమ్ వేరయ్యేలా మెషీన్‌లో తిప్పడం), ఎన్నిసార్లు కరిగించి మళ్ళీ ఫ్రీజ్ చేశారు అంటూ పేజీన్నర ప్రశ్నలు పంపారు. అప్లికేషన్లని పరిశీలించే రివ్యూయర్లు పేరే చూస్తారని మా హెడ్ గారి మాట. ఎటు వెళ్ళమంటారు?

పాత_ఫ్రీజర్
ముందు శాంపిల్స్ పంపకండి. మేం పంపాం. అగ్రిమెంట్ తర్వాత చూసుకుందాం అంటే పెద్దవాళ్ళు కదా అని నమ్మాం. పేపర్ వచ్చినరోజు తెరిచి చూస్తే రచయితల్లో మా సెంటర్ మనిషి ఒక్కరూ లేరు, చివర కృతజ్ఞతల్లో ఊరికే ఒక లైన్. ఏళ్ళ తరబడి పేషెంట్లని ఫాలో అయింది మేము. పేపర్ మీద పేరు ఏ స్థానంలో ఉంటుందో రాతపూర్వకంగా తేలేదాకా ఒక్క వయల్ కూడా బయటికి పోకూడదు.

కొత్త_ఫెలో
పేరున్నదానికే నా ఓటు. గ్రాంట్ రాకపోతే ఈ గొడవలేవీ ఉండవు కదా.

ట్రయల్_ఆఫీస్
నేను పెద్ద సంస్థలో కొలాబరేషన్లు చూసుకునే ఆఫీసులో ఉన్నాను, కాబట్టి అటువైపు మాట కూడా వినండి. పాత_ఫ్రీజర్ గారూ, మీ బాధ అర్థమైంది. కానీ మెడికల్ జర్నల్ ఎడిటర్ల కమిటీ, అదే ఐసీఎంజేఈ, పెట్టిన నియమాల ప్రకారం శాంపిల్స్ ఇచ్చినంత మాత్రాన రచయిత అవ్వరు. డిజైన్‌లోనో డేటా సేకరణలోనో విశ్లేషణలోనో చెప్పుకోదగ్గ పాత్ర ఉండాలి, పేపర్ రాయడంలోనో సరిదిద్దడంలోనో చేయి ఉండాలి, తుది కాపీకి ఒప్పుకోవాలి, జవాబుదారీగా నిలబడాలి. నాలుగూ ఉండాలి.

పాత_ఫ్రీజర్
సగమే చెప్పారు సార్. అందులోనే ఇంకో మాట ఉంది. మొదటి షరతు తీరినవాళ్ళకి రాసే అవకాశం, చూసే అవకాశం ఇవ్వాలి, ఆ అవకాశం ఇవ్వకుండా పక్కనపెట్టడానికి ఈ షరతుల్ని వాడకూడదని. మాకు డ్రాఫ్టే పంపలేదు. పంపకుండా "మీరు రాయలేదు కదా" అంటే ఎలా?

ట్రయల్_ఆఫీస్
మీ కేసులో ఏం జరిగిందో నాకు తెలియదు. నేను నియమం చెప్పాను.

పాత_ఫ్రీజర్
నేనూ నియమమే చెప్పాను.

కొత్త_ఫెలో
నగోయా ప్రోటోకాల్ ఉందిగా, శాంపిల్ ఇచ్చిన దేశానికి వాటా దక్కాలని?

గణాంక_మిత్ర
అది మనుషుల జన్యు వనరులకి వర్తించదండీ. 2014లో అమల్లోకి వచ్చింది, మొక్కలు, జంతువులు, సూక్ష్మజీవుల సంగతి. మనిషి సీరమ్‌కి మిమ్మల్ని కాపాడేది మీ కన్సెంట్ ఫారం, మీ ఎథిక్స్ కమిటీ, శాంపిల్స్ ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకునే మెటీరియల్ ట్రాన్స్‌ఫర్ అగ్రిమెంట్, మీ దేశపు చట్టం. కన్సెంట్‌లో లేని పనికి శాంపిల్ వాడితే ఏమవుతుందో హవసుపాయ్ తెగ కేసు చూడండి. అమెరికాలో ఆ తెగవాళ్ళు డయాబెటిస్ పరిశోధన అనుకుని 1990 నుంచి రక్తం ఇచ్చారు. దాన్ని స్కిజోఫ్రెనియా మీద, వాళ్ళ పూర్వీకుల వలసల మీద కూడా వాడారు. 2010లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీని నడిపే బోర్డు 7 లక్షల డాలర్లు ఇచ్చి, మిగిలిన శాంపిల్స్ వాపసు చేసి రాజీ చేసుకుంది. "శాంపిల్స్ పంపండి, మిగతాది తర్వాత" అన్నవాళ్ళని నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే: మిగిలినవి ఏం చేస్తారు?

ట్రయల్_ఆఫీస్
సరే, మా కష్టం కూడా చెప్తాను. చిన్న సెంటర్లు అప్లికేషన్‌లో ఇంతమందిని చేరుస్తాం అంటాయి. మొదలయ్యాక అందులో సగం కూడా రారు. దీనికి లసాన్యా అనే ఫార్మకాలజిస్ట్ పేరుతో ఒక సూత్రమే ఉంది: అందుబాటులో ఉన్న పేషెంట్ల సంఖ్యని పరిశోధకులు ఎప్పుడూ ఎక్కువగానే అంచనా వేస్తారని. అది పోనీ. ఒక పార్ట్‌నర్ సెంటర్ పంపిన షీట్‌లో రక్తం స్పిన్ చేసిన టైమ్ కాలమ్ తెరిస్తే పైనుంచి కిందిదాకా ఒకటే: ఉదయం 10:15. ప్రతి పేషెంట్‌కీ, ప్రతి రోజూ 10:15. ప్రోటీన్ పనిలో ఆ టైమ్ తప్పయితే మెషీన్ ఎంత గొప్పదైనా ఒకటే. ఆ బ్యాచ్ అంతా పక్కనపెట్టాం. ఇలాంటివాళ్ళకి రచయితల్లో చోటు కావాలట.

నైట్_డ్యూటీ
ఇన్నాళ్ళూ ఊరికే చదివి వెళ్ళేదాన్ని. ఇది చూశాక ఆగలేకపోయాను.

నేను రీసెర్చ్ నర్స్‌ని, ఇలాంటి స్టడీలో పని చేశాను. 10:15 ఎందుకు వస్తుందో చెప్తాను. రక్తం తీసేది, కన్సెంట్ చదివి వినిపించేది, స్పిన్ చేసేది, చిన్న గొట్టాల్లో పోసి లేబుల్ అంటించేది, షీట్ నింపేది అంతా ఒకే మనిషి, అదీ వార్డు డ్యూటీ చేస్తూ. షీట్ సాయంత్రం కూర్చుని నింపుతారు, అప్పటికి ఏ గొట్టం ఎప్పుడు స్పిన్ అయిందో ఎవరికి గుర్తుంటుంది? అది తప్పే, కాదనను. కానీ మీ బడ్జెట్‌లో ఆ సెంటర్‌కి కోఆర్డినేటర్ జీతం పెట్టారా సార్? మా స్టడీలో కొరియర్‌కి డబ్బుంది, డ్రై ఐస్‌కి డబ్బుంది, మనిషికి లేదు.

ట్రయల్_ఆఫీస్
లేదు, పెట్టలేదు. ఎందుకో కూడా చెప్తాను. ఆ డబ్బుకి సంతకం పెట్టేది మేము, ఆడిట్ వస్తే సమాధానం చెప్పేది మేము. అవతల లెక్కలు తేడా వస్తే తిరిగి కట్టాల్సింది మా సంస్థే. 2025 మేలో వైద్య పరిశోధనకి డబ్బిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ విదేశీ సబ్‌అవార్డులని (గ్రాంట్ పొందిన సంస్థ నుంచి విదేశీ పార్ట్‌నర్‌కి వెళ్ళే వాటా) కొత్త పద్ధతి వచ్చేదాకా ఆపేసింది, దానికి చెప్పిన కారణాల్లో ఒకటి డబ్బు ఎటు పోతోందో సరిగ్గా కనపడటం లేదని. రిస్క్ అంతా మాది, నిర్ణయాలు మాత్రం సమానంగా తీసుకోవాలంటే కుదరదు. ఎవరో ఒకరు నడపాలి.

పాత_ఫ్రీజర్
ఇప్పుడు బయటపడింది అసలు మాట! అంటే మేము మీకు పార్ట్‌నర్లం కాదు, సరుకు సప్లయర్లం. రిస్క్ మాకు లేదా? ఆ పేషెంట్ రేపు మళ్ళీ నా గదికే వస్తాడు, నా రక్తం ఏం చేశారు డాక్టర్ గారూ అని నన్నే అడుగుతాడు, మీ ఆడిటర్ని కాదు. 2007లో ఇండోనేషియా బర్డ్‌ఫ్లూ వైరస్ శాంపిల్స్ ఎందుకు ఆపేసింది? మా దగ్గరి వైరస్ తీసుకెళ్ళి వ్యాక్సిన్ చేస్తారు, అది మాకే అందదు అని. ఆ గొడవ తర్వాతే 2011లో డబ్ల్యూహెచ్‌ఓ ఇన్‌ఫ్లుయెంజా శాంపిల్స్‌కీ ప్రయోజనాలకీ కలిపి ఒక ఒప్పందం తెచ్చింది. ఇస్తూ పోయినన్నాళ్ళూ ఎవరూ అడగలేదు, ఆపాకే మాట్లాడారు.

గణాంక_మిత్ర
ఇద్దరూ కాస్త తగ్గండి. పేరు ఏ స్థానంలో అన్నది కాదు మీ తగాదా, డబ్బూ నిర్ణయమూ ఎవరి చేతిలో అన్నది. దీన్ని అప్లికేషన్‌కి ముందే తేల్చుకున్నవాళ్ళున్నారు. హెచ్3ఆఫ్రికా అని 2010లో ప్రకటించిన జీనోమ్ కార్యక్రమంలో శాంపిల్స్ దాచే బయోరిపాజిటరీలని ఉగాండా, నైజీరియా, దక్షిణాఫ్రికాల్లోనే కట్టారు. ఫ్రీజర్ ఎక్కడుంటే మాట అక్కడ చెల్లుతుంది.

సీరమ్_డెస్క్ గారూ, మీకు పనికొచ్చేది ఒకటి. ఆ రెండు ల్యాబుల పాత పేపర్లు పబ్‌మెడ్‌లో (వైద్య పేపర్లు వెతికే వెబ్‌సైట్) తీసి, బయటి ఆసుపత్రులతో చేసినవి విడిగా పెట్టుకోండి. ఆ ఆసుపత్రుల వాళ్ళ పేర్లు మొదట్లోనో చివర్లోనో ఎప్పుడైనా ఉన్నాయా? ఒకసారి పని చేసిన ఆసుపత్రి రెండోసారి మళ్ళీ వాళ్ళతో చేసిందా? చేయకపోతే ఎందుకో ఆ ఆసుపత్రికే మెయిల్ పెట్టి అడగండి. చాలామంది చెప్తారు.

నైట్_డ్యూటీ
డాక్టర్లని మాత్రమే అడగకండి, కోఆర్డినేటర్ నంబర్ తీసుకోండి.

సీరమ్_డెస్క్
పెద్ద సంస్థ పేపర్లు ఇప్పుడే చూశాను. బయటి ఆసుపత్రులు చాలానే ఉన్నాయి, రెండోసారి కనపడిందే లేదు. రెండో ల్యాబ్‌వి తక్కువ, కానీ ఒకే ఆసుపత్రి మళ్ళీ మళ్ళీ ఉంది, అక్కడి డాక్టర్ మొదటి రచయితగా కూడా ఉన్నారు. ప్రతి పేషెంట్ సీరమ్‌లో సగం గొట్టాలు మా దగ్గరే ఉంచుకుని, అగ్రిమెంట్ అయ్యాక ముందు చిన్న ప్రయత్నంగా చేసే పైలట్‌కి కొన్ని పంపుతామని రెండో ల్యాబ్‌కి రాస్తున్నాను. బడ్జెట్‌లో కోఆర్డినేటర్ జీతం పెడుతున్నాను. హెడ్ గారిని ఒప్పించడం ఇంకా ఉంది.

ట్రయల్_ఆఫీస్
జీతం పెట్టండి, మంచిదే. కానీ రివ్యూయర్ దాన్ని కోసేస్తే ఏ పని తగ్గిస్తారో కూడా ఇప్పుడే రాసుకోండి. మేము మొదట అడిగితే కోసేశారు, ఆ తర్వాత మళ్ళీ పెట్టలేదు, అందుకే ఆ షీట్ అలా వచ్చింది.

పాత_ఫ్రీజర్
ఈ మాట అప్పుడే ఆ సెంటర్‌కి చెప్పారా?