మోటుపల్లి బోర్డు మీద మార్కో పోలో పేరు రాయొచ్చా?

వేటపాలెం వాసి

మాది వేటపాలెం, అమ్మమ్మగారి ఊరు మోటుపల్లి. మొన్న సంక్రాంతికి ఊళ్లో కుర్రాళ్లు చందాలు వేసుకుని రోడ్డు మలుపులో బోర్డు పెడదామని అనుకున్నారు. "మార్కో పోలో అడుగుపెట్టిన ఓడరేవు మోటుపల్లి" అని రాయించాలని వాళ్ల ఆశ. పెయింటర్‌కి ఇచ్చే ముందు ఒకసారి చూడమని నా చేతికిచ్చారు. నేను ఒప్పుకోలేదు. ఆయన ఇక్కడ దిగాడని నాకు నమ్మకం లేదు. ఆ మాట అన్నందుకు మా మేనమామ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఊరు తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. మోటుపల్లి చినగంజాం మండలంలో సముద్రం పక్కనున్న చిన్న ఊరు. ఇసుక నేల, సరుగుడు తోటలు. పైకి వెళ్తే వేటపాలెం, చీరాల. కిందికి వెళ్తే పెదగంజాం, ఉప్పు కొఠార్లు. ఒకప్పుడు గుంటూరు జిల్లా, 1970 నుంచి ప్రకాశం, 2022 నుంచి బాపట్ల. పాత పుస్తకాల్లో మా ఊరు ఒక్కోచోట ఒక్కో జిల్లాలో కనిపించేది అందుకే.

ఇక్కడి వీరభద్రస్వామి గుడి దగ్గర స్తంభం మీద కాకతి గణపతిదేవుడి శాసనం ఉంది. శాలివాహన శకం 1166, క్రోధి సంవత్సరం, అంటే 1244-45. మార్కో పోలో రాసిన "ముత్ఫిలి" ఇదేనని చాలామంది పండితులు అంటారు, దాంతో నాకు పేచీ లేదు. ఊరి పేరు రాయడం వేరు, ఊళ్లో దిగడం వేరు. నా సందేహమల్లా అదే. మీరేమంటారు?

బందరు బిడ్డ

ముందు ఆ ముత్ఫిలి మోటుపల్లే అని ఎవరు తేల్చారండీ? మా తాతగారు బడిపంతులు. ముత్ఫిలి అంటే మచిలీపట్నమే అని ఆయన చెప్పేవారు. గ్రీకులు మైసోలియా అని రాసింది మా వైపు నేలనే. రెండు వేల ఏళ్ల నుంచి ఓడలు వచ్చిపోయిన చోటు మాది. మార్కో పోలో పుస్తకం పాత అనువాదకుల్లో కొందరు కూడా మచిలీపట్నం అనే రాశారు. ఇప్పుడు 216 హైవే మీద బందరు దాటి చీరాల దాకా వస్తే ప్రతి ఊరూ మార్కో పోలో మావాడే అంటుందేమో!

శాసనప్రియ

బందరు బిడ్డ గారూ, మీ తాతగారి మాటను తేలిగ్గా తీసెయ్యడం లేదు. అప్పట్లో అలా అనుకున్న మాట నిజం. అయితే 1871లో హెన్రీ యూల్ తన అనువాదంలో మోటుపల్లి పేరు చెప్పాక చాలామంది అటే మొగ్గారు.

ఒక్కసారి ఆ పేరును పైకి పలికి చూడండి. అప్పుడు ఈ సముద్రాల మీద తిరిగిన నావికుల్లో ఎక్కువమంది అరబ్బులు, పారశీకులు. అరబ్బీలో "ప" లేదు, దాన్ని "ఫ" అంటారు. మోటుపల్లి వాళ్ల నోట్లో పడితే ముత్ఫల్లి, ముత్ఫిలి అవుతుంది. మచిలీపట్నంలో చివర ఉన్నది "పట్నం". అది "ఫిలి" ఎలా అవుతుంది?

కాలం కూడా చూడాలి. బందరు వెలిగింది గోల్కొండ నవాబుల కాలంలో. డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు వచ్చింది 1600 తర్వాత. కాకతీయుల నాటికి రాజశాసనం, సుంకాల పట్టిక రాతి మీద కనబడుతున్న రేవు మోటుపల్లి. ఇంకో తికమక కూడా ఉంది. 1611లో ఇంగ్లీషు ఓడ ఆగిన పెట్టపోలి వేరే ఊరు, అది ఇప్పటి నిజాంపట్నం. చివర "పోలి" ఉంది కదా అని దాన్నీ మోటుపల్లి అనుకునేవాళ్లున్నారు.

బందరు బిడ్డ

పట్నం, పల్లి సంగతి నేను ఆలోచించలేదు. ఆ ఒక్కటీ ఒప్పుకుంటాను. కానీ ఆయన దిగాడో లేదో తేలాలి కదా.

నకిరేకల్ టీచర్

ఆ ముచ్చట మా దగ్గర దొరుకుతుంది. నకిరేకల్ పక్కనే చందుపట్ల. అక్కడ ఒక శాసనం ఉంది: శకం 1211, విరోధి సంవత్సరం, మార్గశిరం. లెక్క కడితే 1289 నవంబర్ 27. పువ్వుల ముమ్మడి అనే ఆయన రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని దేవుడికి భూమి ఇచ్చాడు. అంటే అప్పటికే ఆ తల్లి లేదు.

మార్కో పోలో చైనా వదిలింది 1292 ప్రాంతంలో. సుమత్రా, సింహళం మీదుగా వచ్చి, మలబారు తీరం పట్టుకుని హోర్ముజ్ వైపు పోయాడు. ముత్ఫిలిని రాణి ఏలుతున్నదని, చాలా న్యాయంగా ఏలుతున్నదని రాశాడు. చనిపోయి రెండు మూడేండ్లయిన ఆమె ఏలుతున్నట్టు, ఇక్కడికి వచ్చి చూసినవాడు రాస్తాడా? పైగా భర్త పోయినప్పటి నుంచి నలభై ఏండ్లుగా ఏలుతున్న రాణి అన్నాడు. రుద్రమ అయితే గణపతిదేవుడి బిడ్డ. తండ్రి తర్వాత గద్దెనెక్కింది. ఓడల మీద విన్న కథే ఇది, కండ్ల చూసింది కాదు.

మా పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు చందుపట్లకు నడిపించుకుంట పోత. రాయి మీద చెయ్యి పెట్టి అక్షరాలు తడిమినంక ఆ పిల్లలకు తారీఖు మళ్లీ చెప్పనక్కర లేదు.

శాసనప్రియ

టీచర్ గారూ, చందుపట్ల సాక్ష్యం గట్టిది. అయినా దాంతో తలుపు పూర్తిగా మూసుకోదు. తిరుగు ప్రయాణానికి ముందే చైనా చక్రవర్తి కుబ్లయ్ ఖాన్ పని మీద మార్కో ఒకసారి సముద్రం మీదుగా హిందూదేశం వైపు వెళ్లొచ్చాడని ఆ పుస్తకంలోనే ఉంది. పారశీక రాయబారులు ఆయన్ని తమతో రమ్మని అడిగింది ఆ అనుభవం చూసే. మొదటిసారి వచ్చినప్పుడు రుద్రమ బతికి ఉండొచ్చు. అప్పుడు ఈ తీరానికి వచ్చాడని నేను చెప్పలేను, రాలేదని కూడా చెప్పలేను.

చీరాల మగ్గం

నాకు రాళ్ల సంగతి తెలియదు, బట్ట సంగతి తెలుసు. ముత్ఫిలిలో నేసే సన్నబట్ట సాలెగూడులా ఉంటుందని, రాజులూ రాణులూ కట్టుకోవాల్సిన బట్ట అని ఆయన రాశాడంటారు. అలాంటి పోలిక చేత్తో పట్టి చూడనివాడికి తడుతుందా? నేను చిన్నప్పటి నుంచి మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నవాణ్ణి. సన్ననూలు బట్టను కిటికీ వెలుతురుకు ఎత్తిపడితే నిజంగానే గూడులా కనపడుతుంది.

చీరాల తేలియా రుమాళ్లు అరబ్బు దేశాలకు పోయినవే. మా నాయనమ్మ పెట్టెలో ఒకటి ఉండేది. ఆముదం కాయల బూడిద, నువ్వులనూనె కలిపి నూలును రోజుల తరబడి పిసికి ఆరబెడితేనే ఆ ఎర్రరంగు పడుతుంది. ఎన్నేళ్లయినా పెట్టె మూత తీస్తే నూనె వాసన గుప్పుమనేది. అలాంటి పనివాళ్లున్న తీరానికి ఒక వ్యాపారి కొడుకు రాకుండా ఉంటాడా?

వేటపాలెం వాసి

అన్నా, నీ మాట చదువుతుంటే నాకూ నమ్మాలనిపించింది. కానీ తేలియా రుమాలు గట్టిగా లెక్కకు దొరికేది 19వ శతాబ్దిలో. 13వ శతాబ్ది బట్టను దీనితో ముడివేయలేం. పైగా బట్ట తనంతట తానే ప్రయాణం చేస్తుంది కదా. మోటుపల్లి బట్టను ఆయన ఏ సింహళంలోనో, మలబారు అంగట్లోనో పట్టి చూసి ఉండొచ్చు.

వజ్రాల కథ చూడు. లోయలో మాంసం ముక్కలు విసిరితే వజ్రాలు అంటుకుంటాయి, గద్దలు వాటిని ఎత్తుకుపోతాయి అన్నాడు. అది అంతకుముందే దేశదేశాలు తిరిగిన కథ. అదే పేజీలో ఇంకో మాట మాత్రం నిజం: వానలు పడ్డాక కొండల మీంచి నీళ్లు పారిన దారుల్లో వజ్రాలు ఏరతారని. తొలకరి పడితే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు పొలాల్లో ఇవాళ్టికీ జనం వంగి వెతుకుతూ కనిపిస్తారు. ఆయన చెవిన పడిన కబుర్లలో తాలూ ఉంది, గింజా ఉంది.

పెదగంజాం పడవ

మీరందరూ రేవు రేవు అంటున్నారు. మా తీరం చూశారా? అడ్డుగోడలాంటి కొండ లేదు, ఓడ దాక్కునే మూల లేదు. నేరుగా సముద్రం. బందరు కాలవకీ కొచ్చిన్‌కీ అలవాటుపడ్డవాళ్లు ఇక్కడ నిలబడి, ఇంత పెద్ద పేరున్న రేవు ఇక్కడెలా ఉంటుంది అంటారు.

పాతకాలంలో ఓడ లోతు నీళ్లలోనే లంగరు వేసేది. ఒడ్డు నుంచి పడవలు వెళ్లి సరుకు దించుకునేవి. మేకులు కొట్టకుండా పలకల్ని కొబ్బరితాడుతో కుట్టిన పడవలు. అల కొట్టినప్పుడు విరక్కుండా వంగుతాయి. కట్టుడు రేవు అక్కర్లేదు, అలను చదవగల మనుషులు చాలు. మా ముత్తాతల పని అదే. చీరాల పక్కన వాడరేవు ఉంది కదా, ఆ పేరులో ఉన్న "వాడ" అంటే ఓడే.

ఇక గాలివాన. 1977 నవంబర్ 19 గురించి మా నాన్న ఇప్పటికీ గొంతు తగ్గించే చెబుతాడు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు పడవల్ని సరుగుడు చెట్లకు కట్టి ఇంట్లో కూర్చున్నాం. తెల్లారి చూస్తే మా పక్కింటివాళ్ల పడవ ఇసుకలో బోర్లాపడి ఉంది. అందులోని వల కూడా ఎవరూ తాకలేదు.

ఆ శాసనంలో తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల గురించి ఏదో ఉందని విన్నాను. ఏముందో ఎవరైనా చెప్పండి.

శాసనప్రియ

చెబుతాను తమ్ముడూ. అసలు శాసనమే దాని గురించి.

ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోయే ఓడ తుపానుకు దారితప్పి, పగిలి, మన ఒడ్డున పడితే, పూర్వం రాజులు అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా తీసేసుకునేవారు. గణపతిదేవుడు అది మానేశాడు. మనిషి ప్రాణం కన్నా ధనమే గొప్పదని తలచి ఇంత సముద్రానికి తెగించి వస్తాడు, అలాంటివాడి దగ్గర సర్వస్వం లాక్కోకూడదు అన్నాడు. దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం తన సుంకం మాత్రం తీసుకుని మిగతాదంతా వదిలేస్తున్నానని చెక్కించాడు. ఆ సుంకం ముప్పైలో ఒక వంతు. తర్వాత సరుకుల పట్టిక ఉంటుంది: గంధం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగుదంతం, రాగి, పట్టుదారం, పగడాలు, మిరియాలు, వక్కలు.

నూట పద్నాలుగేళ్ల తర్వాత, 1358లో, కొండవీటి అనవోతారెడ్డి అదే ఊళ్లో మళ్లీ శాసనం వేయించాడు. అదీ సంస్కృతం, తెలుగు, తమిళం మూడింట్లోనూ. వచ్చి ఉండాలనుకున్న వర్తకులకు భూమి ఇస్తాం, వెళ్తామంటే ఆపం అన్నాడు. అంటే అప్పటికి రేవు పలచబడి ఉంటుంది, వర్తకుల్ని మళ్లీ పిలవాల్సి వచ్చింది. ఇది శాసనంలో లేదు, నా ఊహ.

ఊరొదిలినవాడు

డాలస్ నుంచి రాస్తున్నాను. మాదీ చినగంజామే. ఇక్కడి స్నేహితులకు మోటుపల్లి అంటే ఎవరికీ తెలియదు. మార్కో పోలో అనగానే తలెత్తి చూస్తారు. బోర్డు చూసి కారు ఆపేవాడు ఆ పేరు చూసే ఆపుతాడు. ఆ పేరు తీసేస్తే బోర్డు ముందు ఎవరు ఆగుతారు? దిగాడో లేదో తేలనప్పుడు రాసుకుంటే తప్పేంటి?

వేటపాలెం వాసి

అన్నా, నీ బాధ అర్థమైంది. పేరు తీసేయమని నేను అనడం లేదు. తేలని దాన్ని తేలినట్టు రాయొద్దంటున్నాను. రేపు ఎవరో చదువుకున్నవాళ్లొచ్చి "ఎక్కడుంది సాక్ష్యం?" అంటే మన కుర్రాళ్లు తలదించుకోవాలి. ఆ పక్కనే నిజమైన శాసనం ఉండి కూడా.

ఇంకో సంగతి చెప్పాలి. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో ఆ గుడి దగ్గర దాగుడుమూతలు ఆడేవాళ్లం. స్తంభానికి ముఖం ఆనించి అంకెలు లెక్కపెట్టేదాన్ని. నుదుటికి అక్షరాల గరుకు తగిలేది. అది ఏమిటని ఒక్కరూ చెప్పలేదు. నలభై ఏళ్లు వచ్చాక వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో కూర్చుని చదువుకుంటేగానీ, నా నుదురు తగిలిన చోట ఏం రాసి ఉందో తెలియలేదు. మా మేనమామకు ఫోన్‌లో ఆ ఓడల భాగం చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ముందు అది రాయించు, పోలో పేరు కిందికి దించు, కానీ తీసెయ్యకు" అన్నాడు.

కుర్రాళ్లతో కూర్చుని రాసిన వాక్యాలు ఇవి, తప్పులుంటే చెప్పండి:

"మోటుపల్లి. తుపానుకు ఒడ్డున పడ్డ ఓడల సొత్తు ముట్టనని కాకతి గణపతిదేవుడు రాతి మీద మాట ఇచ్చిన రేవు. 1244-45. శాసనం వీరభద్రస్వామి గుడి దగ్గర చూడవచ్చు. మార్కో పోలో 'ముత్ఫిలి' అని రాసిన ఊరు ఇదేనని పండితుల అభిప్రాయం."

శాసనప్రియ

"సొత్తు ముట్టను" అంటే సుంకం కూడా వద్దన్నట్టు అవుతుంది. "సుంకం తప్ప వేరేదీ ముట్టనని" అని మార్చండి.

ఊరొదిలినవాడు

నాకింకా మొదటి వాక్యంలోనే పోలో ఉంటే బాగుండు అనిపిస్తోంది. అయినా నా వంతు చందా పంపుతాను.

పెదగంజాం పడవ

నా వంతు కూడా. బోర్డు పాతడానికి గొయ్యి మేం తీస్తాం. ఇసుకలో లోతుగా తియ్యకపోతే మొదటి గాలికే పడిపోతుంది.

నకిరేకల్ టీచర్

ఫిబ్రవరిలో మా తొమ్మిదో తరగతి పిల్లల్ని తీసుకొస్తే చూపిస్తారా అమ్మా? ముప్పై ఆరుగురు. రైలు ఎక్కడ దిగాలి?

వేటపాలెం వాసి

చీరాలలో దిగండి టీచర్ గారూ, ఎక్కువ రైళ్లు అక్కడే ఆగుతాయి. స్టేషన్ బయట నేనుంటాను. ముందు గుడికి వెళ్దాం, ఎండ ఎక్కకముందైతే అక్షరాల మీద పక్కవెలుగు పడి బాగా కనిపిస్తాయి. మధ్యాహ్నం అన్నం మా అమ్మమ్మగారింట్లో.