శ్రీశైలం పాదయాత్ర: పెచ్చెరువు నుంచి కైలాసద్వారం దాకా ఆ ఒక్క రోజు నాన్నను ఎలా నడిపించాలి?

గుంటూరు_అబ్బాయి:
అందరికీ నమస్కారం. మా నాన్న ఈసారి శివరాత్రికి నల్లమల దారిలో నడిచే శ్రీశైలం వెళ్తానని పట్టుబట్టారు, శివమాల కూడా వేసుకున్నారు. వయసు 61, షుగర్ ఉంది కానీ ట్యాబ్లెట్లతో కంట్రోల్‌లోనే ఉంది, రోజూ పొద్దున్నే వాకింగ్ చేస్తారు, అయితే అది తారు రోడ్డు మీద. నేను తోడు వెళ్తున్నా. వెంకటాపురంలో మొదలుపెట్టి ఒక రాత్రి నాగలూటిలో, ఇంకో రాత్రి పెచ్చెరువులో పడుకుని మూడో రోజు భీముని కొలను దాటి కైలాసద్వారం ఎక్కుదామని అనుకుంటున్నాం. మొదటి రెండు రోజుల గురించి నాకంత దిగులు లేదు, వెళ్లొచ్చినవాళ్లందరూ చెప్పేది ఆ మూడో రోజు గురించే. ఎన్నింటికి బయల్దేరాలి, నీళ్లు ఎంత పట్టుకోవాలి, మధ్యలో ఆయన వల్ల కాకపోతే ఏం చేయాలి? ఇంకో విషయం, నాన్న చెప్పులు వేసుకోనంటున్నారు, మాలలో ఉండి ఎలా వేసుకుంటాను అంటారు. ఆయన మాట కాదనలేను, అలాగని ఊరుకోలేను. కాస్త తెలిసినవాళ్లు చెప్పండి.

నల్లమల_నడక:
తమ్ముడూ, మాది ఆత్మకూరు దగ్గర పల్లె, చిన్నప్పటి నుంచి స్వాములు మా ఊరి మీదుగా పోయేది చూస్తా పెరిగినోళ్లం, నేనూ నడుస్తా. నీ ప్లాన్ బాగుంది, పెద్దాయనతో అంతకంటే తొందరపడొద్దు.

ఆ రోజును రెండు ముక్కలుగా చూసుకో. పెచ్చెరువు నుంచి మఠం బావి మీదుగా లోయ అంచు దాకా ఒక ముక్క. అది అడవి దారి, రాళ్లుంటాయి, ఎత్తుపల్లాలుంటాయి, కానీ రోజూ నడిచే అలవాటుండే మనిషి నిదానంగా పోతే పోగలడు. అసలు పని లోయ అంచున మొదలైతాది. అక్కడినుంచి భీముని కొలను దాకా రాతిమెట్ల మీద దిగుడే దిగుడు, మళ్లా అవతలి పక్క కైలాసద్వారం దాకా ఎక్కుడే ఎక్కుడు. అంటే ఒళ్లు అలిసిపోయి, ఎండ నెత్తిమీదికొచ్చి, చేతిలో నీళ్లు అయిపోవచ్చినప్పుడు కష్టమైన భాగం ఎదురొస్తాది. అందుకే చానామంది అక్కడ కూలబడేది, మెట్లు ఎక్కువని కాదు, పొద్దున బలమంతా ముందే ఖర్చుపెట్టేసి వస్తారు కాబట్టి. పొద్దున చల్లగా ఉంటాది, గుంపులో ఊపుంటాది, హర హర మహాదేవ అని ఒకరు అంటే పదిమంది అందుకుంటారు, తెలియకుండానే అడుగు వేగం పెరుగుతాది. ఆ వేగాన్ని నువ్వే ఆపాల. నాన్న ముందు నడవాల, నువ్వు వెనక నడవాల. నువ్వు ముందుంటే ఆయన నిన్ను అందుకోవాలని చూస్తాడు.

దిగేటప్పుడు మోకాళ్లు, ఎక్కేటప్పుడు గుండె, ఇది గుర్తుపెట్టుకో. మెట్లన్నీ ఒక ఎత్తున ఉండవు, ఒకటి జానెడుంటే ఇంకోటి మోకాలి దాకా ఉంటాది, కొన్నిచోట్ల రాయి నున్నగా ఉంటాది. భుజం దాకా వచ్చే గట్టి కర్ర ఒకటి నాన్న చేతికియ్యి. దిగేటప్పుడు కర్ర ముందు కింది మెట్టు మీద ఆనాల, తర్వాత కాలు. పెద్ద మెట్టు వస్తే పక్కకు తిరిగి దిగమను, సిగ్గేం లేదు. కాలి వేళ్ల గోళ్లు బయల్దేరే ముందే కత్తిరించుకోవాల, లేకపోతే దిగుడులో వేళ్లు ముందుకు గుద్దుకొని గోరు నల్లబడతాది.

ఎక్కేటప్పుడు ఆయాసం వచ్చినాక ఆగడం కాదు, రాకముందే ఆగాల. ఇన్ని మెట్లకు ఒక ఆగు అని ముందే అనుకోండి, ఓపికుందనిపించినా ఆ లెక్క దాటొద్దు. నామం చెప్పుకుంటా ఎక్కుతున్నప్పుడు మాట తెగిపోతాందంటే వేగం ఎక్కువైందని అర్థం. కొలను దగ్గర మాత్రం బాగా కూర్చోండి. భీముడు గదతో కొట్టి నీళ్లు తెప్పించినాడని మా పెద్దోళ్లు చెప్తారు, అంత లోయలో ఆ నీళ్లు చూస్తే నిజమే అనిపిస్తాది.

14వ శతాబ్దంలో కొండవీటి ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించినాడని చదువుకున్నాం కదా. అట్లా ఎవరో ఒకరు ముందు నడిచి, వెనక వచ్చేవాళ్ల కోసం రాయి పేర్చిన దారులు ఇవి. మీ నాన్న ఆ దారిలో నడవాలనుకోవడం మంచి కోరిక, నడిపించు.

పల్లెలో_నర్సు:
అన్నయ్యా, నేను చెప్పుల విషయం ఒక్కటే చెప్తా, ఎందుకంటే మీ ప్రశ్నలో నాకు అదే భయం వేసింది. షుగర్ చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లలో పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. ముల్లు గుచ్చుకున్నా, బొబ్బ పగిలినా, కాలిన రాయి మీద నడిచినా మనకి తెలిసినంత వాళ్లకి తెలియదు. నొప్పి లేదు కదా అని నడుస్తూనే ఉంటారు, ఇంటికొచ్చాక ఆ పుండు మానదు. మానకపోతే ఎంత దూరం పోతుందో రోజూ వార్డులో చూసేదాన్ని కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నా.

యాత్రకి ముందే డాక్టర్ దగ్గర పాదాల స్పర్శ చెక్ చేయించండి, ఐదు నిమిషాల పని. గుండె కూడా ఒకసారి చూపించండి. స్పర్శ తగ్గిందని తేలితే వట్టి కాళ్లతో నడవడం వద్దే వద్దు. మాల వేసిన గురుస్వామిని నాన్నగారే అడగాలి, మీరు అడిగితే ఆయన మనసుకి పట్టదు. గురుస్వామి నోటితో అడవిలో వేసుకుని గుడి దగ్గర విప్పెయ్యి స్వామీ అనిపిస్తే ఆయనకీ మనసు కుదుటపడుతుంది. కొత్త బూట్లు మాత్రం కొనొద్దు, పాతవి, అలవాటైనవి, వాటిలోకి మెత్తని సాక్సులు రెండు మూడు జతలు. సాక్సు చెమటకి తడిస్తే వెంటనే మార్చాలి, తడి, వేడి, రాపిడి మూడూ కలిసినప్పుడే బొబ్బ లేస్తుంది. ఎక్కడైనా చురుక్కుమంటే అక్కడే ఆగి టేప్ వేయండి, కొండ దిగాక చూద్దాం అనుకోవద్దు. లేచిన బొబ్బ తోలు పీకొద్దు. ప్రతి మజిలీలో నాన్న పాదాలు మీ ఒళ్లో పెట్టుకుని అరికాలు, వేళ్ల సందులు మీ కళ్లతో చూడండి, ఆయన బాగానే ఉంది అంటే నమ్మొద్దు.

నడకలో షుగర్ పడిపోవచ్చు కూడా. చెమటలు పట్టి చేతులు వణికినా, మాట తడబడినా వెంటనే గ్లూకోజ్ నీళ్లో, చక్కెరో ఇచ్చి కూర్చోబెట్టండి. అది మీ జేబులో ఉండాలి, సంచి అడుగున కాదు. ఆ రోజు ట్యాబ్లెట్ ఎంత వేసుకోవాలో, ఉపవాసం ఉండొచ్చో లేదో డాక్టర్‌నే అడగండి. శివరాత్రి కదా అని ఖాళీ కడుపుతో ఆ మెట్లు ఎక్కించకండి.

హైదరాబాద్_బ్యాచ్:
బ్రో, మా ఫ్రెండ్స్ అంతా ఎండ తప్పించుకోడానికి రాత్రిపూట టార్చ్ లైట్లతో నడుద్దాం అనుకుంటున్నాం, మీ నాన్నకి కూడా చల్లగా ఉంటది కదా, అట్ల ట్రై చేయొచ్చు. ఒక్క రోజులో కొట్టేసినోళ్లు కూడా ఉన్నరు.

నల్లమల_నడక:
రాత్రి నడక మాట ఎత్తొద్దు బాబూ. మీరు నడిచేది నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వు, దేశంలో అన్నిటికంటే పెద్దది. పండగ రోజుల్లో మనుషులకు దారి ఇచ్చినారు గానీ అడవి వాటిది. పులి సంగతి పక్కనపెట్టు, ఎలుగుబంటి ఉంటాది, పాములుంటాయి, చీకట్లో ఆ మెట్ల మీద ఒక్క అడుగు తప్పితే మోసుకెళ్లడానికి ఎవరూ దొరకరు, ఫోన్ సిగ్నల్ కూడా నమ్ముకోలేం. ఫారెస్టోళ్లు ఏ టైంలో వదుల్తారో, ఎప్పుడు ఆపుతారో ఆ ఏడాది చెప్పింది వినండి. వెలుతురు పడగానే బయల్దేరితే చాలు. ఎండాకుల అడవి అది, ఒక్క బీడీ ముక్క చాలు అంటుకోడానికి. ప్లాస్టిక్ కూడా వద్దు, స్టీలు సీసా తెచ్చుకోండి.

గుంటూరు_అబ్బాయి:
అందరికీ చాలా థ్యాంక్స్. నాన్నకి చదివి వినిపించా. నర్సు గారి మాట దగ్గర కాసేపు మాట్లాడలేదు, తర్వాత గురుస్వామిని అడుగుతాలే అన్నారు, అది చాలు నాకు. నీళ్ల గురించి ఎవరైనా చెప్తారా? అలాగే కైలాసద్వారం ఎక్కాక అదే రోజు దర్శనానికి వెళ్లొచ్చా?

అమ్మతో_నడిచా:
నేను మా అమ్మని తీసుకెళ్లాను కాబట్టి చెప్తున్నాను తమ్ముడూ. దారిలో దాతలు నీళ్లు, అన్నం పెడుతుంటారు, ఎంతో ప్రేమగా పిలిచి పెడతారు, కానీ లోయ దిగేముందు మాత్రం మనిషికి రెండు లీటర్లు చేతిలో ఉండేలా చూసుకోండి, అక్కడ దొరుకుతాయిలే అన్న ధీమా వద్దు. ఒక్కసారే గటగటా తాగకుండా కొంచెం కొంచెం తాగాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఉంచుకోండి, పెద్ద ప్యాకెట్ అయితే లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసులో కలిపితే చిక్కబడి మేలుకి బదులు కీడు చేస్తుంది. అందులో గ్లూకోజ్ ఉంటుంది, షుగర్ మనిషి కాబట్టి ఎంత తాగాలో అది కూడా డాక్టర్‌ని అడిగేయండి.

మా అమ్మ సగం ఎక్కాక ఇక నా వల్ల కాదు అని మెట్టు మీద కూర్చుండిపోయింది. నేను బతిమాలలేదు, పక్కన కూర్చున్నాను. ఎదురుగా మోదుగ పూలు, ఎర్రగా, చెట్టుకి ఒక్క ఆకు లేదు. కాసేపటికి వెనక నుంచి బళ్లారి వైపు ఆవిడ ఒకామె వచ్చింది, తెలుగు రాదు, అమ్మ చెయ్యి పట్టుకుని అవ్వా అని ఏదో అంది, ఇద్దరూ కలిసి లేచారు. ఆ తర్వాత నా అవసరం రాలేదు. ఉగాదికైతే కర్ణాటక నుంచి వేలమంది నడిచి వస్తారు, భ్రమరాంబని తమ ఇంటి ఆడపడుచు అంటారు, చీర సారె తెస్తారు, కొందరు కాళ్లకి కర్రలు కట్టుకుని నడుస్తారు. అప్పుడు ఎండ ఇంకా ఎక్కువ, పెద్దవాళ్లకి శివరాత్రే నయం.

దర్శనం అదే రోజు పెట్టుకోకండి. కైలాసద్వారం ఎక్కితే అయిపోయినట్టు కాదు, అక్కడి నుంచి హటకేశ్వరం, సాక్షి గణపతి మీదుగా గుడికి ఇంకా కొన్ని కిలోమీటర్లు ఉంది. రోడ్డు దారే కాబట్టి నాన్నగారికి ఓపిక లేకపోతే బండి ఎక్కించేయండి, తప్పేం లేదు. పండగ రద్దీలో క్యూ గంటల తరబడి ఉంటుంది, అలిసిన కాళ్లతో అంతసేపు నిలబడటం నడక కంటే కష్టం. ఆ రాత్రి కాళ్లు కడిగి పడుకోబెట్టి మర్నాడు వెళ్లండి. బ్రహ్మోత్సవాల్లో మామూలుగా అలంకార దర్శనమే (లింగాన్ని తాకకుండా చూడటమే) ఉంటుంది, మాలలో ఉన్న స్వాములకి జ్యోతిర్ముడి (శివమాల వాళ్ల ఇరుముడి) ఎక్కడ సమర్పించాలో, దర్శనం ఎలాగో దేవస్థానం వాళ్లు ముందే ప్రకటిస్తారు, బయల్దేరే ముందు చూసుకోండి. బస కూడా ఇప్పుడే బుక్ చేయండి, పండక్కి దగ్గరపడితే దొరకదు.