‘లేచిపోదామా’నా, ‘లేచిపోదాం రా’నా?

అరసున్న: ‘గీతాంజలి’ సినిమా (1989)లో నాయిక గిరిజ నోట వచ్చే ఆ మాటని ఎక్కడ చూసినా ‘లేచిపోదామా’ అనే రాస్తున్నారు. నా చెవికి చివర్న ‘రా’ తగులుతోంది. ‘దామా’ అయితే అడగడం, ‘దాం రా’ అయితే పిలవడం, రెంటికీ చాలా తేడా ఉంది. గిరిజకి డబ్బింగు చెప్పిన గొంతు నటి రోహిణి గారిదని అందరికీ తెలిసిందే, దాని జోలికి పోకుండా ఈ ఒక్క అక్షరం తేల్చిపెట్టండి.

యతిమైత్రి: ఛందస్సు సాయం చేయదు. ‘లేచిపో’ ర గణం, ‘దామా’ రెండు గురువులు. ‘దాం రా’ కూడా రెండు గురువులే. అక్షరాలు ఐదూ ఐదే, మాత్రలు తొమ్మిదీ తొమ్మిదే.

లూప్‌బాక్సు: గణాలు కాదండీ, పెదవులు చూడాలి. డబ్బింగులో అన్నిటికంటే ముందు పట్టుబడేవి ప, బ, మ. తెర మీద పెదవులు మూతపడ్డ చోట ఓష్ఠ్యం, అంటే పెదవులు కలిపి పలికే అక్షరం, పడకపోతే పసిపిల్లలు కూడా కనిపెట్టేస్తారు. అదే ‘త’ బదులు ‘ల’ పడితే ఎవరికీ పట్టదు. ఈ మాటలో మూతలు రెండు: ‘పో’ దగ్గర ఒకటి, ‘దా’ తర్వాత ఒకటి. సెకనుకు 24 ఫ్రేములు, అంటే ఫ్రేముకి సుమారు 42 మిల్లీసెకన్లు. మకారం మూత రెండు ఫ్రేముల పాటు ఉంటుందనుకోండి. ‘మా’ అయితే వెంటనే దవడ దిగి నోరు తెరుచుకోవాలి. ‘ం రా’ అయితే నాలుక కొన పైకి తగిలి దిగేదాకా ఇంకో ఫ్రేము ఆగాలి. తేడా అంతా ఆ ఒక్క ఫ్రేములోనే. వీసీడీ కాపీలు పెట్టుకుని మాత్రం చూడకండి. వాటిలో చాలా భాగం 25 ఫ్రేముల్లోకి మార్చినవి, నూటికి నాలుగు వంతులు వేగంగా నడుస్తాయి.

అరసున్న: త్వరగా అన్నప్పుడు ‘దాం’లో సున్న ముక్కులోకి పోతుంది, పెదవులు కలవనే కలవవు. అప్పుడు మూత కనిపిస్తే ‘మా’, కనిపించకపోతే ‘రా’. ఇంతే కదా?

లూప్‌బాక్సు: అలాగైతే బాగుండు. తెర మీద పెదవులు గిరిజవి, గొంతు రోహిణి గారిది. మీరు పెదవుల్లో చదివేది షూటింగులో ప్రాంప్టింగు విని పలికిన మాట. మీకు వినిపించేది డబ్బింగు థియేటర్లో పైలట్ ట్రాకుని, అంటే షూటింగులో గుర్తు కోసం పట్టిన శబ్దాన్ని, ఒక చెవిలో పెట్టుకుని చెప్పిన మాట. రెండూ ఒకటే అయ్యుండాలని నియమం లేదు. థియేటర్లో ఒక అక్షరం మారడం రోజూ జరిగేదే, మూతలు కుదిరితే చాలు.

మైలాపూరు తెలుగు: ఈ సినిమా తమిళంలో ‘ఇదయత్తై తిరుడాదే’ అని వచ్చింది కదా. అక్కడి మాట ‘ఓడిప్పోలామా’. చివర ‘లామా’, స్పష్టంగా ప్రశ్నే. తెలుగులోనూ ‘దామా’ అని దీంతో తేలిపోలేదా?

లూప్‌బాక్సు: తేలదు. తెలుగే మూలం, తమిళం దాని మీద అతికించింది. నోట్లో ‘రా’ ఉన్నా ‘మా’ అతుకుతుంది, రెంటి చివరా ఆకారమే. అసలు చిక్కు మొదట్లో ఉంది. ‘లే’కి పెదవులు పక్కలకి సాగుతాయి, ‘ఓ’కి గుండ్రంగా ముందుకొస్తాయి. మొదటి అక్షరాన్ని వదిలేసుకుంటారు, మూతలూ చివరి అచ్చూ కలిస్తే కన్ను క్షమించేస్తుంది. పైగా ‘డిప్’ గురువు, అంటే ఒక మాత్ర ఎక్కువ. చెప్పేవారు ‘డి’ని మింగేసి ‘ప్పో’ మీద వాలాలి. లేదంటే మాట నోరు దాటి బయటికి వేలాడుతుంది.

యతిమైత్రి: తమిళుడు ‘ఓడిపోతే’ పరుగు, మనం ‘ఓడిపోతే’ ఓటమి. ఈ ఒక్క మాట మీద డబ్బింగు రచయితలు ఎంతమంది కాలు జారారో!

మైదానం: అందరూ చివరి అక్షరం పట్టుకుని వేలాడుతున్నారు గానీ విడ్డూరం ‘లేచి’లో ఉంది. తెలుగులో ‘లేచిపోయింది’ అని ఆడదాన్నే అంటారు. మగవాడైతే ‘లేవదీసుకుపోయాడు’, ‘లేపుకుపోయాడు’. నింద ఆమెకి, ఘనకార్యం అతనికి. అలాంటి క్రియకి ‘దాం’ తగిలించి ఇద్దర్నీ కర్తలు చేసింది ఈ పిల్ల. ‘దాం’ ఎప్పుడూ ఎదుటివాణ్ణి కూడా కలుపుకునేదే, ‘మనం’ తప్ప ‘మేం’ కాదు. చలం నవల ‘మైదానం’లో రాజేశ్వరి అమీర్‌తో వెళ్ళిపోయిన అరవై ఏళ్ళకి కూడా ఒక ఆడపిల్ల నోట ఈ మాట హాల్లో ఈలలు వేయించిందంటే చలం గారికి ఇంకా పని మిగిలే ఉందన్నమాట.

మైలాపూరు తెలుగు: చలం దాకా దేనికండీ, ప్రాచీన తమిళ సంగ కవిత్వంలో దీనికి ‘ఉడన్‌పోక్కు’ అని పేరే ఉంది, ఎడబాటుని చెప్పే ‘పాలై’ తిణై (కవితా విభాగం)లో. ‘కూడా పోవడం’. అందులో లేవడమూ లేదు, లేపడమూ లేదు.

యతిమైత్రి: మనకీ పోతన రుక్మిణి ఉంది. ఊరి బయట గౌరి గుడికి వస్తాను, అక్కణ్ణించి తీసుకుపొమ్మని చోటూ సమయమూ తనే రాసి పంపింది. గిరిజ అడిగితే విశేషం ఏముంది?

అరసున్న: నా అక్షరం...

యతిమైత్రి: వస్తున్నా. ‘గీతాంజలి’ మాటలు రాజశ్రీ గారివి. డబ్బింగు సినిమాలకి రాసి రాసి చెయ్యి తిరిగినవారు, ‘రోజా’ తెలుగు పాటలూ ఆయనవే. నేరు తెలుగు సినిమాకి రాసినా ఆ చెయ్యి వాక్యం చివర దీర్ఘాచ్చు మీద ఆగడానికే చూస్తుంది. అంచేత ‘దాం’ దగ్గర ఆగిపోయి ఉండదు. ‘మా’ అయినా ‘రా’ అయినా ఆకారం ఉండి తీరాలి. ఈ విద్యకి ఆద్యుడు శ్రీశ్రీ అని గుర్తు చేస్తున్నా. 1950లో ‘ఆహుతి’, హిందీ ‘నీరా ఔర్ నందా’కి తెలుగు. ‘హంసవలె ఓ పడవ’ అందులోదే. మహాకవి నోటి కదలికకి అక్షరం కుదిర్చే పని చేశాడంటే దాన్ని కూలిపని అనే నోళ్ళు మూతపడాలి.

మైదానం: మూతపడతాయి, రెండు ఫ్రేములు.

కొత్త సభ్యుడు: ఆ గొంతు సరిత గారిది కాదా?

లూప్‌బాక్సు: కాదు. విజయశాంతి గారికి చెప్పిన సరిత గారి గొంతు గుండెలోంచి వస్తుంది. ఇక్కడిది తేలిక గొంతు, పంటి ముందు ఆడుతుంది. అదే ఏడాది ‘శివ’లో అమలకి చెప్పింది కూడా రోహిణి గారే, రెండూ పక్కపక్కన పెట్టి వినండి. అమలకి వాక్యం చివర కిందికి దిగుతుంది, ఊపిరి నెమ్మది. గిరిజకి చివరి అచ్చు పైకి ఎగరేస్తారు. నా అనుమానం అక్కడే: ఆ ఎగురుడు వల్ల ‘రా’ అన్నా ప్రశ్నలాగే వినిపిస్తుంది. ‘ఇరువర్’ (1997) తమిళంలో ఐశ్వర్యా రాయ్ ఇద్దరుగా కనిపిస్తే ఇద్దరికీ రోహిణి గారే చెప్పారు. ముఖం ఒకటే అయినప్పుడు గొంతు మారిస్తే నకిలీగా ఉంటుంది. మార్చాల్సింది వేగం, ఊపిరి తీసే చోటు, చివరి అచ్చు పొడుగు. ‘బొంబాయి’లో మనీషా కొయిరాలాకీ, ‘రావణన్’ (2010)లో మళ్ళీ ఐశ్వర్యకీ తమిళ గొంతు ఆవిడదే. ‘రావణన్’ లాంటి వాటిలో అరుపులు, ఆయాసాలు అన్నీ ఆ రోజు పని చివరికి తోసెయ్యాలి. ముందే అరిస్తే తర్వాత మామూలు మాటలు బొంగురుపోతాయి.

కొత్త సభ్యుడు: ‘లూప్’ అంటే ఏమిటో కూడా చెప్పండి.

లూప్‌బాక్సు: రీలుని చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క తలకి తోక అతికిస్తే అది ఆగకుండా తిరుగుతూ ఉంటుంది, అది లూప్. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు, కాబట్టి అరనిమిషం సంభాషణ 45 అడుగుల లూప్. రెండు మూడు సార్లు చూసి పెదవి పట్టుకుని, తర్వాత టేకు. ఆ సీనులో ఉన్నవాళ్ళంతా ఒకే ట్రాకు మీద చెప్తుంటే ఒకరు తడబడినా అందరూ మళ్ళీ మొదటికే. ‘పో’ లాంటి చోట గాలి నేరుగా మైకుకి తగిలి టప్‌మంటుంది, మొహం కాస్త పక్కకి తిప్పి చెప్పాలి. ఇప్పుడు కంప్యూటర్లో ఎవరి ట్రాకు వారిది, అక్షరాన్ని అటూ ఇటూ జరపొచ్చు కూడా. 1989లో ‘మా’ పడితే ‘మా’, ‘రా’ పడితే ‘రా’.

అనకాపల్లి బెల్లం: మా ఊరి ఆడపడుచు రోహిణి గారి గురించి ఇంత మాట్లాడి ఆవిడ నటించిన ‘స్త్రీ’ (1995) ఊసెత్తలేదేం? పాలగుమ్మి పద్మరాజు గారి ‘పడవ ప్రయాణం’ కథ, సేతుమాధవన్ దర్శకత్వం. రంగిగా వేసినందుకు జాతీయ అవార్డుల్లో ప్రత్యేక ప్రశంస వచ్చింది. ఇంకొకరికి గొంతు ఇచ్చినవాళ్ళ ప్రతిభ తెలియాలంటే వాళ్ళ సొంత ముఖం ఉన్న సినిమా చూడాలి.

మైదానం: ఆ కథలో రంగి తన మగవాడు పద్దాలుతో వెళ్ళడాన్ని ‘లేచిపోవడం’ అందామా? నేననను. వాడు వస్తాడు, పోతాడు, ఆమె తాపీగా పడవెక్కి కూచుంటుంది. ఆ ‘పోవడం’లో లేవడం లేదు.

అనకాపల్లి బెల్లం: ఎలా లేదంటారు? రంగి పద్దాలుని వదలదు కదా, అంతకంటే లేవడం ఏముంటుంది? కథ మళ్ళీ చదవండి.

యతిమైత్రి: పడవల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. ‘హంసవలె’లో వకారానికి పై పళ్ళు కింది పెదవికి తగలాలా వద్దా? డబ్బింగు పాట కదా, లూప్‌బాక్సు గారు చెప్పాలి.

లూప్‌బాక్సు: తెలుగు ‘వ’కి పళ్ళు తగిలీ తగలనట్టుంటాయి, ‘ఫ’ అంత గట్టిగా కాదు. అందుకే దాన్ని దొంగ ఓష్ఠ్యంగా వాడుకోవచ్చు: అవతల మూత ఉంటే కాస్త గట్టిగా, లేకపోతే ‘ఉ’లాగా జారవిడుస్తాం.

మైదానం: అలాగైతే కృష్ణా జిల్లావాళ్ళ ‘వ’ వేరు, శ్రీకాకుళం ‘వ’ వేరు. దీనికి ఇంకో చర్చ తెరవండి.