నా ఫోటో చీరల గ్రూపులో తేలింది. ఇలా మీకూ జరిగిందా?

కుందలహళ్ళి కోడలు
బెంగళూరులో ఉన్న మనవాళ్ళని ఒక మాట అడుగుదామని. ఉగాదికి మంగళగిరి చీర కట్టుకుని కబ్బన్ పార్కులో నాలుగు ఫోటోలు దిగాను, మా ఆయన తీశారు. ఒకటి ఇన్‌స్టాలో పెట్టాను, అకౌంట్ పబ్లిక్. నిన్న తెనాలి నుంచి మా పిన్ని ఫోను: "ఏమే, చీరల బిజినెస్ పెట్టి మాకు ఒక్క మాటైనా చెప్పలేదే?" ఆవిడ ఉన్న రీసెల్లర్ వాట్సాప్ గ్రూపులో నా ఫోటో తిరుగుతోంది. కింద "ప్యూర్ కాటన్, రూ.1,450, ఫ్రీ షిప్పింగ్". వెనకాల వెదురు పొద, నా చేతి వాచీ, అన్నీ అలాగే ఉన్నాయి. మూలన నేను వేసుకున్న పేరు మాత్రం కత్తిరించేశారు. పైగా నన్ను రెండు షేడ్లు తెల్లగా చేశారు! పిన్నికి నవ్వులాటగా ఉంది. నాకు రాత్రంతా నిద్ర లేదు. ఏం చేయాలి?

పెసరట్టు
మూలన పేరు వేస్తే రెండు సెకన్లలో కత్తిరిస్తారండీ. వేస్తే చీర కుచ్చిళ్ళ మీదుగా, లేతగా వేయాలి. చూడ్డానికి బాగుండదు, అదే అసలు చిక్కు. నేను ఇంకో పని చేస్తాను. ఫోన్లో తీసిన ఫోటోని అలాగే ఎక్కించను, పొడవు వెయ్యి పిక్సెల్స్‌కి తగ్గించి పెడతాను. ఫోన్లో చూసేవాళ్ళకి తేడా తెలియదు. ఫ్లెక్సీ వేద్దామనుకున్నవాడికి మాత్రం పనికిరాదు.

పాత కెమెరా
కోడలు గారూ, ఒరిజినల్ ఫైల్ డిలీట్ చేయలేదు కదా? వాట్సాప్‌లో వచ్చింది కాదు, కెమెరాలో ఉన్నది. ఫోటో మీది అని చూపించడానికి అదే గట్టి ఆధారం. తీసిన తేదీ, ఫోన్ మోడల్, అసలు సైజు అన్నీ అందులోనే ఉంటాయి.

ఇంకో సంగతి. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటో హక్కు తీసినవాళ్ళది, అందులో ఉన్నవాళ్ళది కాదు. అంటే కాపీరైట్ ఫిర్యాదు మీ ఆయన పేరు మీద పెట్టాలి. సెల్ఫీ అయితే మీ పేరు మీదే పెట్టేవారు.

కుందలహళ్ళి కోడలు
అమ్మయ్య, ఒరిజినల్ ఉంది. నా ఫోటో మీద హక్కు ఆయనదంటే మాత్రం ఇంట్లో పెద్ద గొడవే అయింది :)

సున్నుండ
మరి డబ్బులిచ్చి తీయించుకున్నవి? మా చెల్లి పెళ్ళి ఫోటోలు వైట్‌ఫీల్డ్‌లో ఒక మేకప్ ఆర్టిస్టు పేజీలో "మా వర్క్" అని కనిపించాయి. చెల్లికి మేకప్ వేసింది అసలు ఆవిడ కాదు! ఎక్కడ బయటికి పోయాయా అని ఆరా తీస్తే, ఆల్బమ్ డ్రైవ్ లింకుని మేమే ఫ్యామిలీ గ్రూపులో పెట్టాం. లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చన్న సెట్టింగ్. పెళ్ళై 8 నెలలు, ఇంకా తెరిచే ఉంది. ఆ గ్రూపులో 140 మంది, అందులో సగం మంది ఎవరో నాకే తెలియదు.

పాత కెమెరా
డబ్బులిచ్చి తీయించుకుంటే లెక్క వేరు. అగ్రిమెంటులో వేరేగా రాసుకోకపోతే మొదటి హక్కుదారు డబ్బిచ్చినవాళ్ళే. కాకపోతే అడ్వాన్సు ఇచ్చేటప్పుడు మనం చదవకుండా సంతకం పెట్టే కాగితంలో "మా ప్రచారానికి వాడుకుంటాం" అని ఒక లైను ఉండొచ్చు. అది కొట్టేయించండి. నేను మూడు పెళ్ళిళ్ళకి కొట్టేయించాను, ఏ ఫోటోగ్రాఫరూ పని మానుకోలేదు.

రచ్చబండ
అసలు పెట్టడం ఎందుకు, బాధపడటం ఎందుకు? మా రోజుల్లో ఆల్బమ్ బీరువాలో ఉండేది.

సున్నుండ
బాబాయ్ గారూ, నేను ఏ యాప్‌లోనూ ఫోటో పెట్టను. అయినా మా అపార్ట్‌మెంట్ వాళ్ళు పెట్టిన దసరా బొమ్మల కొలువు ఫోటోల్లో నేనూ ఉన్నాను, మా పాపా ఉంది. పెట్టేది మనమే కానక్కర్లేదు.

బీటీఎం బ్యాచిలర్
చిన్న విషయం. పాత మంచం అమ్ముతూ ఫోటోని వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపాను, క్లియర్‌గా ఉంటుందని. సాయంత్రానికి ఆయన నేను అడ్రస్ చెప్పకుండానే మా పీజీ గేటు ముందు ఉన్నాడు! డాక్యుమెంటుగా పంపితే లొకేషన్ కూడా వెళ్ళిపోతుంది. మామూలు ఫోటోగా పంపితే పోదు. అప్పటినుంచి కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆఫ్ చేసేశాను.

మారతహళ్ళి అక్క
చీరల గ్రూపు దాకా అయితే నయమే. ఎలక్ట్రానిక్ సిటీలో పీజీలో ఉండే మా పిన్ని కూతురి ఫోటోలతో ఫేక్ అకౌంట్ పెట్టి, దాని కొలీగ్స్‌కి పిచ్చి మెసేజ్‌లు పంపారు. కంగారులో అది చేసిన మొదటి పని ఆ అకౌంట్‌ని బ్లాక్ చేయడం. దాంతో మాకే కనిపించకుండా పోయింది. ముందు స్క్రీన్‌షాట్లు తీయాలి. పేరు ఒక్కటే కాదు, ప్రొఫైల్ లింకు, తేదీ, టైము అన్నీ పడాలి. పేరు రేపు మార్చేస్తారు. తర్వాత "నాలా నటిస్తున్నారు" అన్న ఆప్షన్‌లో రిపోర్ట్ కొట్టాలి. ఐడీ అడుగుతారు, మాస్క్‌డ్ ఆధార్ (నంబరులో చివరి నాలుగు అంకెలే కనిపించేది) మీద "ఈ రిపోర్ట్ కోసం మాత్రమే" అని రాసి పంపాం.

పోలీసులకి చెప్పాలంటే సైబర్‌క్రైమ్.గవ్.ఇన్‌లో పెట్టొచ్చు, లేదా మీ డివిజన్‌లో సైబర్ నేరాలు చూసే సీఈఎన్ పోలీస్ స్టేషన్‌కి వెళ్ళొచ్చు. డబ్బు కూడా పోయుంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. అక్కడ నా కన్నడ "స్వల్ప స్వల్ప"కి మించి లేదు, అయినా విన్నారు. మాకు ఐటీ చట్టం 66సీ (వేరొకరి గుర్తింపు వాడుకోవడం), 66డీ (వేరొకరిలా నటించి మోసం చేయడం) సెక్షన్లు చెప్పారు. రెండింటికీ మూడేళ్ళ దాకా శిక్ష ఉంది.

పెసరట్టు
రష్మిక మందన్న ముఖం అతికించిన డీప్‌ఫేక్ వీడియో గుర్తుందా, 2023 నవంబరులో? ఆ వీడియో కేసులో ఢిల్లీ పోలీసులు పట్టుకున్నది మన గుంటూరు జిల్లా కుర్రాణ్ణే. ఫ్యాన్ పేజీకి ఫాలోవర్లు పెరగాలని చేశాడట.

మారతహళ్ళి అక్క
పైగా అందులో అసలు శరీరం ఇంకో అమ్మాయిది. ఆమె ఊసు ఎవరూ ఎత్తరు.

నగ్న ఫోటోలతో బెదిరిస్తుంటే స్టాప్‌ఎన్‌సీఐఐ అని ఒక వెబ్‌సైటుంది. ఫోటో వాళ్ళకి పంపక్కర్లేదు. మన ఫోన్లోనే దానికి వేలిముద్రలాంటి కోడ్ తయారై, ఆ కోడ్ మాత్రమే వెళుతుంది. అందులో చేరిన యాప్‌లు ఆ కోడ్‌తో పోల్చి అడ్డుకుంటాయి. 18 నిండనివాళ్ళకి టేక్ ఇట్ డౌన్ వేరేగా ఉంది. సిగ్గుపడి దాచుకోకండి ప్లీజ్.

బీటీఎం బ్యాచిలర్
అక్కా, ప్రొఫైల్ లాక్ చేస్తే చాలదా? వాట్సాప్‌లో డీపీని స్క్రీన్‌షాట్ కూడా తీయనివ్వట్లేదు కదా.

పాత కెమెరా
పక్క ఫోనుతో స్క్రీన్‌ని ఫోటో తీస్తే ఏ లాకూ ఆపలేదు తమ్ముడూ. లాక్ చేస్తే దారిన పోయేవాడు ఆగుతాడు. మన ఫ్రెండ్స్ లిస్టులోనే ఉన్నవాడు ఆగడు. నెలకోసారి నీ ఫోటోలు రెండు గూగుల్ లెన్స్‌లో వేసి, నెట్‌లో ఇంకెక్కడైనా ఉన్నాయేమో చూడు. అన్నీ దొరకవు, వాట్సాప్ గ్రూపుల్లోవి అసలే దొరకవు. పబ్లిక్ పేజీల్లో ఉంటే దొరికే అవకాశం ఉంది.

కుందలహళ్ళి కోడలు
అప్‌డేట్. ఆ గ్రూపువాళ్ళకి ఇన్‌స్టా పేజీ కూడా ఉంది, లెన్స్‌లోనే దొరికింది. మా ఆయన పేరు మీద ఫిర్యాదు పెట్టాం, ఒరిజినల్ జత చేశాం. మూడో రోజుకి ఆ పోస్టు పోయింది. వాట్సాప్ గ్రూపులో ఇంకా ఉంది. అడ్మిన్‌కి మెసేజ్ పెడితే "మేడమ్, మాకూ ఇంకో గ్రూపు నుంచి వచ్చింది" అన్నాడు, బహుశా నిజమే. అకౌంట్ ప్రైవేట్ చేశాను. ఫాలోవర్లు 612 మంది ఉన్నారు. రాత్రి కూర్చుని ఒక్కొక్కరినీ చూస్తూ తీసేస్తున్నాను, 340 దగ్గర నిద్రొచ్చింది.

ఇంతలో పిన్ని మళ్ళీ ఫోన్ చేసింది. ఆ చీర ఆర్డర్ పెట్టిందట, నిన్న వచ్చిందట. రంగు నా ఒంటి మీద ఉన్నట్టు లేదని నన్నే తిడుతోంది.