వాన నీళ్ళు తాగడానికి పెట్టుకోవచ్చా, వాడకానికే ఉంచాలా?

తొలకరి:
కప్పు మీద పడే వాన నీళ్ళని రెండేళ్ళుగా ట్యాంకులోకి పడుతున్నాం. మొక్కలకీ, బట్టలకీ, బాత్రూముకీ వాడుతున్నాం. ఇప్పుడు ఇంట్లో సగం మంది "ఇంత తేటగా ఉన్నాయి, కాచి తాగేద్దాం" అంటున్నారు. మిగతా సగం ససేమిరా అంటున్నారు. నీళ్ళకైతే కొదవ లేదు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మా కప్పు 100 చదరపు మీటర్లు. 10 మిల్లీమీటర్లు కురిస్తే వెయ్యి లీటర్లు; చిందింది, ఆవిరైంది పోను ఎనిమిది వందలైనా దిగుతాయి. తాగొచ్చంటారా?

బావిగట్టు:
నిక్షేపంలా తాగొచ్చు. బెర్ముడా దీవుల్లో నదులే లేవు. ఇంటి కప్పుల్ని మెట్లు మెట్లుగా కట్టి, తెల్లగా పూత వేసి, నీళ్ళని ఇంటి కింద తొట్టిలోకి దింపుకుంటారు. ఇల్లు కడితే ఈ ఏర్పాటు ఉండాలని అక్కడ చట్టమే ఉంది. ఆస్ట్రేలియా పల్లెల్లోనూ ఎన్నో ఇళ్ళకి తాగునీరు ఇదే. మనం ఊరికే భయపడుతున్నాం.

నీలిమేఘం:
భయపడాల్సిన కారణం ఉందండీ. 2022లో స్టాక్‌హోమ్ విశ్వవిద్యాలయం వాళ్ళ పరిశోధన ఒకటి వచ్చింది. నాన్‌స్టిక్ పూతల్లాంటి వాటిలో వాడే పీఫాస్ అనే రసాయనాలు వాన నీటిలో ప్రపంచమంతటా కనిపిస్తున్నాయనీ, చాలాచోట్ల అమెరికా తాగునీటికి సూచించిన హద్దుని మించాయనీ తేల్చారు. అంటార్కిటికాలో కూడా! ఇవి కాచితే పోవు. సీసమూ అంతే. పాత రంగుల్లోంచీ, కప్పు అతుకుల్లో వాడిన సీసం రేకుల్లోంచీ నీళ్ళలోకి దిగితే, కాచినకొద్దీ నీరు తగ్గుతుంది కానీ సీసం అలాగే ఉంటుంది. పసిపిల్లలున్న ఇంట్లో నేనైతే ఒప్పుకోను.

మట్టిచేతులు:
ఇద్దరూ ఆకాశం గురించే మాట్లాడుతున్నారు. నన్నడిగితే నీళ్ళు పాడయ్యేది ఎక్కువగా ఆ చివరి పది అడుగుల్లోనే, అంటే కప్పు మీదా, చూరు కాలవలోనూ, ట్యాంకు అడుగునా.

మా ఇంట్లో చూరు గొట్టానికి పక్కగా ఇంకో లావు గొట్టం నిలువుగా పెట్టాం. వాన మొదలవగానే వచ్చే నీళ్ళు ముందు అందులోకి పోతాయి. అది నిండేసరికి లోపలి బంతి పైకి తేలి మూతిని మూసేస్తుంది, ఆ తర్వాతి నీళ్ళే ట్యాంకుకి వెళ్తాయి. చాన్నాళ్ళకి వాన పడ్డ రోజు ఆ గొట్టం అడుగు మూత విప్పి గ్లాసులో పట్టి చూడండి. టీ డికాషన్ రంగు, అడుగున నల్లటి దుమ్ము, పిట్టల రెట్టలు, కుళ్ళిన ఆకు ముక్కలు. అదే వాన చివర్లో ట్యాంకు మూతి దగ్గర పట్టిన గ్లాసు పక్కన పెడితే రెండూ ఒకే కప్పు మీంచి వచ్చాయంటే నమ్మరు. అర మిల్లీమీటరు నుంచి రెండు మిల్లీమీటర్ల దాకా తొలి వానని వదిలేయాలి. తొలకరి గారి కప్పుకి అది 50 నుంచి 200 లీటర్లు. మనసొప్పదు, కానీ వదలాల్సిందే.

ఇంకో సంగతి. నీళ్ళు పైనుంచి దబదబా పడితే అడుగున పేరుకున్న మడ్డి లేస్తుంది. అందుకని గొట్టాన్ని ట్యాంకు అడుగుదాకా దింపి, కొస పైకి వంచాలి. తోడుకునేది మాత్రం అడుగునుంచి కాదు, పైమట్టానికి కాస్త కిందనుంచి.

బావిగట్టు:
ఇది ఒప్పుకుంటాను. బెర్ముడాలోనూ కప్పుని శుభ్రంగా ఉంచుకుంటేనే ఆ నీళ్ళు పనికొస్తాయి. అయితే నీలిమేఘం గారూ, ఆ రసాయనాలు వానలో ఉంటే నదుల్లోకీ, చెరువుల్లోకీ దిగవా? వాన నీళ్ళు మానేస్తే తప్పించుకున్నట్టేనా?

నీలిమేఘం:
అవును, తప్పించుకోలేం. అందుకే ఏ నీళ్ళైనా పరీక్ష చేయించి, మంచి కార్బన్ ఫిల్టరో, ఆర్వోనో పెట్టుకోమంటాను. వాటితో పీఫాస్ తగ్గుతాయి. చూస్తే తేటగా ఉన్నాయన్నది మాత్రం నాకు రుజువు కాదు.

ఇసుకరేణువు:
అసలు దాచడం ఎందుకు? ఇంకుడు గుంత తవ్వితే నేలే వడకట్టి ఉంచుతుంది కదా. పైగా దోమల బెడద ఉండదు.

మట్టిచేతులు:
ట్యాంకు నిండి పొర్లింది గుంతకే వెళ్ళాలి, అందులో తగువు లేదు. దోమల మాట నిజం. డెంగీని మోసే ఏడిస్ దోమ నీటిమట్టానికి కాస్త పైన గోడకే గుడ్లు పెడుతుంది. నీళ్ళు పారబోసినా అవి నెలల తరబడి ఎండి బతికే ఉంటాయి, మళ్ళీ తడి తగిలితే పొదుగుతాయి. అంచులు పీచుతో గట్టిగా తోమాలి. గాలి గొట్టానికీ, పొర్లు గొట్టానికీ మిల్లీమీటరు కన్నా సన్నటి జాలీ కట్టాలి. వెలుతురు పడకపోతే నాచూ పట్టదు.

తొలకరి గారికి నా మాట: బట్టలకి ఇంతకన్నా మంచి నీళ్ళు దొరకవు, సున్నం లేదు కాబట్టి కొద్ది సబ్బుకే బోలెడు నురగ. తాగడం మాత్రం ముందు ట్యాంకు అడుగు చూశాకే.

తొలకరి:
తొలి వాన వదిలే గొట్టం మాకు లేనే లేదు. రెండేళ్ళుగా మొదటి చుక్క నుంచీ అంతా లోపలికే వెళ్ళింది. తాగే ఆలోచన ఆపేశాం. ఈ ఆదివారం ట్యాంకు ఖాళీ చేస్తున్నాం, అడుగున ఎన్ని వేళ్ళ మందం మడ్డి ఉందో ఇక్కడే చెప్తాను.